ముక్కుగారి జలుబు

సోమవారం

జలుబు. మామూలు జలుబే.

బుధవారం

జలుబు తగ్గింది. ముక్కు దిబ్బడ కూడా లేదు, గాలి హాయిగా ఆడుతోంది. వాసన మాత్రం ఇంకా తెలియడం లేదు. రేపటికి వచ్చేస్తుంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత విషయం కాదు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

గురువారం

రాలేదు. పొద్దున సబ్బు వాసన చూశాను. నున్నగా ఉంది. సబ్బు నున్నగా ఉంటుందని చెప్పడానికి ముక్కు అక్కర్లేదు.

ల్యాబ్‌లో ఇవాళ వాసన పరీక్ష లేదు, బతికిపోయాను. మా దగ్గరకు వచ్చే గుడ్డలకు నానా పరీక్షలూ చేస్తారు. రంగులో విషమేమైనా ఉందా, ముడతలు పడకుండా పూసిన మందు ఒంటికి అంటుకుంటుందా, ఇలాంటివన్నీ కెమిస్ట్ పిల్ల తన యంత్రాల మీద చూసుకుంటుంది. వాసనకు మాత్రం యంత్రం లేదు, మనుషులే కావాలి. ఒక బల్ల చుట్టూ ల్యాబ్‌లో వేర్వేరు పనులు చేసే ఆరుగురం కూర్చుంటాం, మమ్మల్నే ప్యానెల్ అంటారు. గుడ్డను ముందు రోజే గాజు సీసాలో పెట్టి మూత బిగించి ఉంచుతారు. ఆ సీసా చేతులు మారుతుంది. అందరం వాసన చూశాక ఒకేసారి అంకె వేస్తాం. ఒకటంటే వాసనే లేదు. ఐదంటే భరించలేం. మూడు దాటితే సరుకు వెనక్కి.

ఇదంతా నాకు తెలియనిదా? రాసుకుంటే ధైర్యంగా ఉంటుందని రాస్తున్నాను.

ఆ ఆరుగురికీ పెద్దదాన్ని నేను. ల్యాబ్ చూడడానికి ఎవరొచ్చినా డైరెక్టర్ గారు ముందు నా బల్ల దగ్గరకే తీసుకొస్తారు. "ఈవిడే మా ముక్కుగారు," అంటారు. మేజోళ్ళ పెట్టెలో లారీ డ్రైవర్ సిగరెట్ వాసన పట్టేసినదాన్ని నేను. ఆ రోజు నుంచే నాకు ఆ పేరు. అంతకు ముందు నేను సీసాలకు చీటీలు అంటించేదాన్ని. మళ్ళీ ఆ చీటీల బల్ల దగ్గరకు...

ఈ ఆలోచన ఇప్పుడెందుకు వచ్చిందో. రేపటికి వచ్చేస్తుంది. వాసన.

శుక్రవారం

బజారుకని చెప్పి చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరకు వెళ్ళాను. టార్చిలైటు వేసి ముక్కులోకి చాలాసేపు చూశాడు. అంతసేపు చూడడానికి అక్కడ ఏముందో నాకు తెలియదు.

"జలుబు చేశాక కొందరికి ఇలా అవుతుందమ్మా. వాసన మళ్ళీ రావచ్చు," అన్నాడు.

"ఎప్పటికి?"

"చెప్పలేం. వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. రోజూ ఘాటైన వాసనలు చూస్తూ ఉండండి, ముక్కుకు పని అలవాటవుతుంది. మీరేం చేస్తుంటారు?"

"ఇంట్లోనే ఉంటాను," అన్నాను.

మొత్తానికి రేపటికి వచ్చేస్తుందన్నాడు. సరిగ్గా 'రేపు' అనలేదు. 'రావచ్చు' అన్నాడు. రావచ్చు అంటే వస్తుందనేగా.

శనివారం

ఇంట్లో వాళ్ళు లేవక ముందే మొదలుపెట్టాను. ఉల్లిపాయ కోసి చూశాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, వాసన రాలేదు. వెనిగర్. కిరసనాయిలు. బూట్ పాలిష్. ఏమీ లేదు. చివరికి ఇంట్లో అన్నిటికన్నా ఘాటైన వస్తువు గుర్తొచ్చింది. మా ఆయన లిఫ్టు మెకానిక్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ బరువు బూట్లలోనే ఉంటారు. నిన్న విడిచిన మేజోడు ఒకటి తీసుకుని, ముక్కుకు ఆనించి, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాను.

కళ్ళు తెరిస్తే గుమ్మంలో అత్తయ్య.

"బాగుందా?" అంది.

"అదీ... ఉతకాలేమోనని చూస్తున్నా అత్తయ్యా."

"చూడు, చూడు," అని వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా పక్కింటావిడకు చెప్పేసింది. గోడ ఇవతలికి అంతా వినిపిస్తూనే ఉంది. "పెళ్ళయి ఇన్నేళ్ళయిందా, మావాడంటే దానికి ఎంత ప్రేమనుకున్నావ్! మేజోళ్ళు కూడా వదలదు!"

ఆయనకూ ఆ కబురు చేరింది. భోజనాల దగ్గర నన్ను చూసి ఒకటే ముసిముసి నవ్వులు.

ఆదివారం

పొద్దున్నే ఆయన విడిచిన మేజోళ్ళు చక్కగా మడతపెట్టి నా దిండు పక్కన ఉన్నాయి. 

మధ్యాహ్నం వంటింట్లో స్టవ్ పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాను. అత్తయ్య బయటి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి స్టవ్ కట్టేసింది. పాలు మాడి గిన్నె నల్లగా బొగ్గయిపోయింది. వీధి చివరి దాకా వాసన వస్తోందట.

"ఏంటమ్మాయ్, పక్కనే ఉన్నావుగా!"

"పేపర్లో మునిగిపోయానత్తయ్యా."

ఆవిడ నా చేతిలోకి చూసింది. అది పేపరు కాదు, మంచాల దుకాణం వాళ్ళు పంచిన కాగితం. ఇంకేమీ అనకుండా గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఏమీ అనకుండా వెళ్ళడం ఆవిడ పద్ధతి కాదు.

సోమవారం

ఇవాళ వాసన పరీక్ష. జలుబున్నవాళ్ళు ప్యానెల్లో కూర్చోకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాకు జలుబు లేదు. ఎప్పుడో తగ్గిపోయింది.

సీసా మూత తీసి పీల్చాను. గాలి లోపలికి వెళ్ళింది, అంతే. తల ఎత్తితే ఎదురుగా అకౌంటెంటు గారు. అప్పటికే ఆయన వాసన చూసేశారు. ఏదీ దాచుకోలేని ముఖం ఆయనది. ఎడమ కనుబొమ్మ కొంచెం లేచి ఉంది. మరీ కంపయితే ఇంకా పైకి పోయేది. రెండు అయ్యుంటుందనుకుని రెండు వేశాను.

అందరివీ రెండే!

డైరెక్టర్ గారు కాగితాలు చూసి మురిసిపోయారు. "ఆరుగురికీ ఒకే అంకె. దీన్నండీ శిక్షణంటారు!"

ఇందులో మోసమేమీ లేదు. ఆయన ముక్కుతో చూశారు, నేను ఆయన ముఖంలో చూశాను. వాసన ఒక్కటేగా.

మంగళవారం

ఇవాళ తెల్ల తువ్వాలు. సీసా ముందు అకౌంటెంటు గారి చేతికి వెళ్ళింది. మూత తీశారో లేదో ఆయన ముఖం మెలికలు తిరిగిపోయింది. దవడ పట్టుకున్నారు. కళ్ళ నిండా నీళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన్ను అలా చూడలేదు. నా వంతు రాగానే నేనూ పీల్చి, దానికి తగ్గట్టు ముఖం చిట్లించి, ఐదు వేశాను.

అందరివీ ఐదే.

సాయంత్రం కెమిస్ట్ పిల్ల నా దగ్గరకు వచ్చింది. "అక్కా, ఆ తువ్వాల్లో నాకేం దొరకలేదే. గుడ్డని వెచ్చటి నీళ్ళలో ఉంచి, ఆ నీళ్ళలో మన మందు కలిపా. ముడతల మందులో ఉండే ఫార్మాల్డిహైడ్ ఏ కాస్త ఉన్నా పసుపు తిరగాలి కదా. అస్సలు తిరగలేదు. తాగే నీళ్ళలా ఉన్నాయి."

"యంత్రాలకు అన్నీ అందవమ్మా," అన్నాను. నా గొంతు నాకే చాలా గంభీరంగా వినిపించింది.

తర్వాత తెలిసింది, అకౌంటెంటు గారికి పంటి నొప్పట. ఆయనకు పంటి నొప్పి ఉన్నంత మాత్రాన తువ్వాలుకు వాసన ఉండకూడదని లేదు.

బుధవారం

తువ్వాళ్ళ కంపెనీ యజమాని వచ్చాడు. భారీ మనిషి. మెడలో తన తువ్వాలే.

"నేను గొడవకి రాలేదు సార్. ఐదు వేసినవాళ్ళని ఒక్కసారి చూపించండి. ఆ వాసనేంటో నేర్చుకుని పోతా."

డైరెక్టర్ గారు నన్ను పిలిపించారు. యజమాని తన మెడలోని తువ్వాలు తీసి నా ముక్కు కింద పెట్టాడు.

"చెప్పండమ్మా. ఏం వాసన ఇది?"

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు.

"లోతైన వాసన," అన్నాను.

"లోతైన..." ఆయన తువ్వాల్లో ముఖం పెట్టి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. "నాకు రావట్లేదమ్మా."

"మొదట్లో రాదండీ."

డైరెక్టర్ గారు తువ్వాలు అందుకుని పీల్చి తల పంకించారు. "అవును, లోతుగానే ఉంది." రిసెప్షన్ అమ్మాయి కూడా పీల్చి ఉందంది.

యజమాని పాపం అదే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "మా చంటిదాన్ని స్నానం చేయించి దీంతోనే తుడుస్తామమ్మా. ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయాం," అంటూ వెళ్ళిపోయాడు.

ఆయన్ను వెనక్కి పిలవాలనిపించింది. మధ్యాహ్నం సరిగ్గా తినలేదు, అందుకే అలా అనిపించి ఉంటుంది.

గురువారం

అకౌంటెంటు గారు పంటి నొప్పితో సెలవు పెట్టారు. వాసన పరీక్షకు వాతావరణం అనుకూలంగా లేదని చెప్పి రేపటికి వాయిదా వేయించాను. బయట చక్కగా ఎండ కాస్తోంది.

శుక్రవారం

పిల్లల ఆసుపత్రికి వెళ్ళవలసిన దుప్పట్లు వచ్చాయి. చిన్నచిన్నవి, ఒళ్ళో పరిస్తే సరిపోతాయి. వాటి మీద నీలం ఏనుగులు. అప్పుడే పుట్టిన పిల్లల కోసమట. ముచ్చటేసి ఒకటి భుజాన వేసుకుని కాసేపు అటూ ఇటూ తిరిగాను. కెమిస్ట్ పిల్ల చూడవలసినవన్నీ చూసేసింది. రంగు, పూత, అన్నీ హద్దుల్లోనే ఉన్నాయి. ఇక వాసన ఒక్కటే మిగిలింది.

అకౌంటెంటు గారు పన్ను పీకించుకుని నేరుగా ల్యాబ్‌కే వచ్చారు. సీసాలో ముక్కు పెట్టి తీశారు. ముఖంలో ఏ కదలికా లేదు. కనుబొమ్మ ఎక్కడిదక్కడే ఉంది. పెదవి మాత్రం ఒక పక్కకు వేలాడుతోంది, ఇంజెక్షన్ ఇచ్చారట. ఇంత ప్రశాంతమైన ముఖం నేనెక్కడా చూడలేదు. నేనూ అంతే ప్రశాంతంగా ముఖం పెట్టి ఒకటి వేశాను.

అందరివీ ఒకటే. స్టోర్స్ ఆయన మాత్రం వరసగా తుమ్మి, కళ్ళు తుడుచుకుని, నా వైపు చూసి, అప్పుడు వేశాడు. సర్టిఫికెట్ వెళ్ళిపోయింది. సోమవారం దుప్పట్లు ఆసుపత్రికి చేరతాయి.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్తయ్య ముక్కు మూసుకుంది.

"ఏంటమ్మాయ్ ఈ కంపు? పురుగుల మందులో గానీ పడ్డావా?"

"బస్సులో ఎవరి నుంచో అంటుకుని ఉంటుంది అత్తయ్యా."

"బస్సు బస్సంతా పురుగులు పట్టాయా?"

నేను మార్చుకున్న బట్టలు తనే వేళ్ళ కొసలతో పట్టుకెళ్ళి పెరట్లో తీగ మీద వేసింది.

బస్సే అయ్యుంటుంది. ఈ మధ్య బస్సులు బొత్తిగా శుభ్రంగా ఉండడం లేదు.

శనివారం

బస్సు కాదు.

మధ్యాహ్నం అకౌంటెంటు గారు వరండాలో నన్ను ఆపి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"మేడమ్, మన పరీక్షలు సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూసే ఆడిటర్ సోమవారం వస్తున్నారట. ఈసారి పద్ధతి మార్చారట. ఒక్కొక్కళ్ళనీ విడిగా కూర్చోబెట్టి, కర్టెన్ వేసేసి, అప్పుడు వాసన చూపిస్తారట."

"అయితే ఏంటి?" అన్నాను.

"అయితే ఏంటంటారేంటండీ! మీ ముఖం కనబడదు కదా!"

"నా ముఖం మీకెందుకు?"

ఆయన నేల చూపులు చూశారు. "కోప్పడకండి మేడమ్. నేను లెక్కల మనిషిని. వాసనల గురించి నాకేం తెలుసు? ప్యానెల్లో వేసిన రోజు నుంచీ మీ ముఖం చూసే వేస్తున్నా. మీరు పెదవి బిగిస్తే మూడు, ముఖం చిట్లిస్తే నాలుగు. నేనొక్కణ్ణే అనుకునేరు. అందరం అంతే."

"అందరూనా?"

"మీ ముఖం స్పష్టంగా కనబడాలని స్టోర్స్ ఆయన కొత్త కళ్ళజోడు చేయించుకున్నాడు మేడమ్."

"మరి నిన్న దుప్పటి? మీకేమీ వాసన రాలేదా?"

"ముక్కులో ఏదో గుచ్చుకున్నట్టయింది. కళ్ళు కూడా మండాయి. కానీ మీరేమో చంటిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు అంత ప్రశాంతంగా ఉన్నారు. నా భ్రమేమోలే అనుకున్నా."

ఆయన నా ముఖం చూశారు. నేను ఆయన ముఖం చూశాను. ఆయన ముఖానికేమో మత్తు ఇంజెక్షన్. దుప్పటిని మాత్రం ఎవ్వరూ చూడలేదు.

ఆదివారం

డైరెక్టర్ గారి ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తారు.

"ఎవరూ, ముక్కుగారా? ఉండండి, పిలుస్తాను."

"కాదండీ, రాంగ్ నంబర్. రేపు ఆఫీసులో చెబుతాను," అని పెట్టేశాను.

రేపు చెబుతాను. చెప్పకపోయినా ఏమీ కాదేమో. కెమిస్ట్ పిల్ల అన్నీ చూసిందిగా. ఆసుపత్రిలో ఉతికే వాడతారేమో. కిటికీలు తీసే ఉంటాయేమో.

ఆ పిల్లలకు దుప్పటి గడ్డం దాకా కప్పుతారు. నచ్చని వాసన వస్తే ముఖం అటు తిప్పుకోవడం కూడా వాళ్ళకు ఇంకా చేతకాదు.

రేపు చెబుతాను.

సోమవారం

చెప్పాను. అనుకున్నట్టు చెప్పలేదు.

నేను వెళ్ళేసరికే డైరెక్టర్ గారి గదిలో ఆడిటర్ కూర్చుని ఉంది. సన్నటి మనిషి. ఒళ్ళో ఒక చెక్క పెట్టె, దాని నిండా నంబర్లు వేసిన చిన్న సీసాలు.

"రండి, రండి! మేడమ్, ఈవిడే మా ముక్కు," అన్నారు డైరెక్టర్ గారు.

"సార్, ముక్కు లేదు," అన్నాను.

ఇద్దరూ నా ముఖం మధ్యలోకి చూశారు.

"అంటే, ఉంది. పనిచేయడం లేదు. జలుబు చేసినప్పటి నుంచీ నాకు ఏ వాసనా తెలియట్లేదు సార్."

డైరెక్టర్ గారు పెద్దగా నవ్వారు. "చూశారా మేడమ్, మావాళ్ళకి సరదా కూడా ఎక్కువే."

"సరదా కాదు సార్. తువ్వాలుకి ఐదు వేయించింది అకౌంటెంటు గారి పంటి నొప్పి. దుప్పట్లకి ఒకటి వేయించింది ఆయన దవడకిచ్చిన ఇంజెక్షన్. నేను ఆయన్ని చూసి వేశాను, మిగతావాళ్ళు నన్ను చూసి వేశారు. దుప్పట్లు ఇవాళే ఆసుపత్రికి పోతున్నాయి. ఆపించండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇది తర్వాత మాట్లాడుకుందాం," అన్నారు పళ్ళ బిగువున. "ముందు మీరు బయటికి నడవండి."

నడవలేదు. ధైర్యం వల్ల కాదు. తలుపు ఎటువైపు ఉందో ఆ క్షణంలో గుర్తు రాలేదు.

ఆడిటర్ పెట్టె మూత వేసేసింది. "నా సీసాల సంగతి తర్వాత చూద్దాం. ఆ దుప్పట్లలో ముక్క మీ దగ్గర ఉంచుకునే ఉంటారుగా? అది తెప్పించండి."

స్టోర్ గదిలో ఒక మూల తాడు కట్టి దుప్పటి వేలాడదీశారు. (ఏనుగుల దుప్పటి కాదు.) ఒక్కొక్కరే దాని వెనక్కి వెళ్ళాలి. బయట ఆడిటర్ నిలబడింది. ముందు నన్నే పంపింది. దుప్పటి ముక్క ఉన్న సీసా మూత తీశాను, పీల్చాను, కాగితం మీద 'తెలియదు' అని రాశాను. రాశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

తర్వాత అకౌంటెంటు గారు. లోపలికి వెళ్ళిన మనిషి ఎంతకీ బయటికి రాలేదు.

"అయిందాండీ?" అంది ఆడిటర్.

"మేడమ్, ఎవరైనా ఒక్కరు లోపలికి రావచ్చా?" లోపలి నుంచి సన్నటి గొంతు.

"రాకూడదు."

"పోనీ, కర్టెన్ సందులోంచి ముఖం మటుకు..."

"కుదరదండీ."

చివరికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది. గొంతు సవరించుకున్నారు.

"నాకు... నాకొక అభిప్రాయం ఉంది," అన్నారు.

"చెప్పండి."

"ఐదు." అనేసి వెంటనే చుట్టూ చూశారు, ఎవరైనా కొడతారేమోనన్నట్టు. ఎవరూ కొట్టలేదు. "ఐదే!" అన్నారు ఈసారి గట్టిగా. "పురుగుల మందు! బీరువాల్లో పెడతారే, అదే! ముక్కు పగిలిపోతోందండీ! ఇంత కంపుకి ఒకటి ఎలా వేశాం మనం?"

ఆ తర్వాత ఆయన్ను ఆపడం మావల్ల కాలేదు. డైరెక్టర్ గారి సెంటుకు మూడు వేశారు. ఆడిటర్ చెక్క పెట్టెకు రెండు వేశారు. మిగతా నలుగురూ కర్టెన్ వెనక్కి వెళ్ళి నాలుగులూ ఐదులూ పట్టుకొచ్చారు. స్టోర్స్ ఆయన కళ్ళజోడు తీసేసి మరీ వెళ్ళాడు.

డైరెక్టర్ గారు ఆసుపత్రికి ఫోన్ చేశారు. వ్యాన్ అప్పటికే చేరిపోయింది. పెట్టెలు స్టోర్‌లో దింపేశారట. అక్కడి ఆవిడ గొంతు ఫోన్ బయటికి కూడా వినబడింది.

"తెరవగానే కిటికీలన్నీ తీసేశామండీ, కళ్ళు మండిపోయి! అయినా మీ సర్టిఫికెట్‌లో వాసనే లేదని ఉందిగా. మాకే ఏదో తేడా చేసిందేమో అనుకున్నాం. ఇంకో గంటలో వార్డుకి పంపేవాళ్ళం."

ఒక్క దుప్పటీ వార్డుకు వెళ్ళలేదు. నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడిపోయాను.

సాయంత్రానికి కెమిస్ట్ పిల్ల ఆ మందు ఫలానా అని పట్టేసింది. దుప్పట్ల కంపెనీ మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు. గోడౌన్‌లో పురుగు చేరకుండా పెట్టెపెట్టెకీ మందు పొట్లాలు వేశారట. తీయడం మర్చిపోయారట. "నన్ను అడిగినవన్నీ చూశానక్కా. ఇది చూడమని ఎవరూ అడగలేదు," అంది పిల్ల, ఏడుపు ఆపుకుంటూ. ఆ పిల్ల తప్పేముంది? అడగని సంగతి కూడా చెప్పాలనే కదా ఆరు ముక్కుల్ని పెట్టుకున్నది.

మంగళవారం

కొత్తగా శిక్షణ అయ్యేదాకా వాసన పరీక్షలు చేయకూడదని ఆడిటర్ రాసి వెళ్ళింది. నేను చీటీల బల్ల దగ్గరకు వచ్చేశాను. బల్ల కిందటిసారి కన్నా పొట్టిగా అనిపించింది.

డైరెక్టర్ గారు నాతో మాట్లాడడం లేదు. నాతో చెప్పవలసినవన్నీ గోడతో చెబుతున్నారు. "నీలం చీటీలు ఉన్నాయో అయిపోయాయో," అన్నారు గోడతో. "ఉన్నాయి సార్," అని నేనూ గోడకే చెప్పాను.

సాయంత్రం తువ్వాళ్ళ యజమాని దుకాణానికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిడతాడనుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను.

"అంటే నా ముక్కు బాగానే ఉందా?" అన్నాడు.

"బాగానే ఉందండీ. మీ తువ్వాలు కూడా."

ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చానమ్మా! టార్చిలైటు వేసి ఎంతసేపు చూశాడో! ఏమీ లేదంటే వాడికి పని రాదనుకున్నా!" అన్నాడు. తర్వాత తిట్టాడు. బాగానే తిట్టాడు. మొత్తం విని వచ్చాను.

బుధవారం

ఇంట్లో చెప్పాను. అత్తయ్య బట్టలు మడతపెడుతోంది, ఆయన టీ తాగుతున్నారు.

"అత్తయ్యా, నాకు కొన్నాళ్ళుగా వాసన తెలియడం లేదు."

"పాలు మాడిన రోజే తెలిసిందిలే," అంది తల ఎత్తకుండా.

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశా. పక్కింటావిడ రోజుకో నూనె డబ్బా తెచ్చి, మీ కోడల్ని వాసన చూడమను, మంచిదో కాదో చెప్తుందంటే, పనిలో ఉందని తిప్పి పంపలేక చచ్చా." అని ఇంకో చొక్కా అందుకుంది. "మేజోళ్ళ విషయంలో మాత్రం మోసపోయాను."

ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "అంటే... అది ప్రేమ కాదా?"

"చికిత్స అండీ," అన్నాను.

"మరి రోజూ దిండు పక్కన పెడుతున్నానే!"

"నేనే తీసి ఉతుకుతున్నాలేరా," అంది అత్తయ్య.

ఆ పూట ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

చాలా రోజుల తర్వాత, గురువారం

రాయడానికి తీరిక దొరకలేదు. అబద్ధం. రాయాలనిపించలేదు.

వాసన తిరిగి వస్తోంది. కానీ తప్పుగా వస్తోంది. సబ్బు రబ్బరు చెప్పుల వాసన వస్తోంది. పేపరు దోసకాయ వాసన వస్తోంది. డాక్టరును అడిగితే మొదట్లో ఇలాగే కలగాపులగంగా వస్తుంది, పోనుపోను సర్దుకోవచ్చన్నాడు. సర్దుకోవచ్చు అంటే సర్దుకోవచ్చు, సర్దుకోకపోవచ్చు.

ల్యాబ్‌లో ఇప్పుడు అకౌంటెంటు గారే పెద్ద ముక్కు. శిక్షణలో అందరికన్నా ముందు నిలిచారు. అభిప్రాయాలు ఎక్కువైపోయి మనిషిని పట్టలేకపోతున్నాం. నిన్న డైరెక్టర్ గారి క్యారేజీకి నాలుగు వేశారు. డైరెక్టర్ గారు అటు నుంచి అటే నా బల్ల దగ్గరకు వచ్చి, గోడను పక్కనబెట్టి, నన్నే సూటిగా అడిగారు. "మీకెప్పటికి తగ్గుతుందమ్మా?"

"చెప్పలేం సార్," అన్నాను.

పరీక్ష జరిగేటప్పుడు కర్టెన్ల దగ్గర నిలబడి ఎవరూ ఎవరినీ చూడకుండా కాపలా కాయడం ఇప్పుడు నా పని. దానికి నాకన్నా తగినవాళ్ళు దొరకరని ఆడిటరే చెప్పిందట.

ఇవాళ సాయంత్రం అలసటగా అనిపించి, కిటికీ పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అత్తయ్య పక్కింట్లో ఉంది. ఇంట్లో చప్పుడు లేదు. ఉన్నట్టుండి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది.

"వచ్చేశారా?" అన్నాను కళ్ళు తెరవకుండానే.

"పడుకున్నావేమోనని పిల్లిలా వచ్చాను. ఎలా తెలిసింది?"

"వాసన."

"నా వాసనే? ఏం వాసన?"

"తడిసిన అట్టపెట్టె."

చొక్కా ఎత్తి తనే పీల్చుకున్న చప్పుడు వినిపించింది. "అది మంచిదేనా?"

"లేదండీ. కాస్త కంపే."

"సర్లే, స్నానం చేసొస్తా. అందాకా అటుపక్క కూర్చుంటాను."

"వద్దు," అన్నాను. "ఇంకాస్త ఇటు రండి."